ఇంధనానికి పేరైన మనిషి: రుడాల్ఫ్ డీజిల్

కొందరి పేర్లు శిలాశాసనాలలో నిలుస్తవి. కొందరివి గ్రంథాలలో నిలుస్తవి. మరికొందరి పేర్లు నిత్యవ్యవహారంలో కలిసిపోయి, అవి ఒకప్పుడు మనుషుల పేర్లన్న సంగతినే లోకం మరచిపోతుంది. బడిపిల్లవాడు వాట్, వోల్టా, ఆంపియర్ల పేర్లను పాఠ్యపుస్తకంలో చదివినప్పుడు అవి శాస్త్రజ్ఞుల పేర్లని ఉపాధ్యాయుడు చెపుతాడు. కాని లారీ డ్రైవరు బంకు దగ్గర ఆగి డీజిలు పోయమన్నప్పుడు గాని, రైతు చేలగట్టున ఆయిలింజనుకు డీజిలు పోసేటప్పుడు గాని, తాము ఒక మనిషి పేరును ఉచ్చరిస్తున్నామని వారికి తట్టదు.

ఆ మనిషి రుడాల్ఫ్ డీజిల్. యాభైయైదేండ్లు మాత్రమే జీవించినాడు. ఇంజను కనిపెట్టినాడన్న ఒక్క మాటతో ముగిసిపోయే కథ కాదు అతనిది. అతని బ్రతుకంతా దుబారాపై సాగిన యుద్ధం. వేడిలో అత్యధికభాగాన్ని గాలికి వదలివేసే యంత్రాలను చూచి సహింపలేక, ఉన్న ఇంధనంతో రెండింతల పని చేయించే యంత్రాన్ని అతడు సృష్టించినాడు. ఆ యంత్రం ఏ నూనె పోసినా జీర్ణించుకొనగలదన్న నమ్మకం నేటికీ జనంలో ఉన్నది. వాడి పారవేసిన ఇంజనాయిలును వడగట్టి డీజిలు బండ్లలో మళ్ళీ పోయవచ్చునా అన్న ఈనాటి ప్రశ్నకు కూడా జవాబు అతని జీవితంలోనే ఒక మూల దాగి ఉన్నది. కనుక ఆ జీవితాన్ని మొదటినుండి చూడటం మంచిది.

1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరంలో రుడాల్ఫ్ జన్మించినాడు. పుట్టినది ఫ్రాన్సులోనైనా తల్లిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోర్ బవేరియా దేశంలోని ఆగ్స్‌బర్గు పట్టణానికి చెందినవాడు. పుస్తకాలకు అట్టలు కట్టే వృత్తి నేర్చి, పారిస్‌కు వలసవచ్చి, తోలుసామాను తయారుచేసి అమ్ముకొనేవాడు. తల్లి ఎలీజ్‌ది న్యూరెంబర్గు. ముగ్గురు పిల్లలలో రుడాల్ఫ్ రెండవవాడు. పుట్టిన కొద్ది వారాలకే శిశువును విన్సెన్ అనే చోట ఒక రైతు కుటుంబానికి పెంపకానికి ఇచ్చినారు. అక్కడ తొమ్మిది నెలలు పెరిగినాడు. కొంచెం పెద్దవాడైన తరువాత తండ్రి తయారుచేసిన సరుకును తోపుడుబండిలో పెట్టుకొని వీధులవెంట కొన్నవారి ఇండ్లకు చేర్చటం అతని పని అయినది. చేతివృత్తులవాని ఇంటి కష్టసుఖాలు అతనికి పుస్తకంలో చదివి తెలిసినవి కావు.

ఇంటికి సమీపంలోనే యంత్రాల సంగ్రహాలయం ఒకటి ఉండినది. క్యూన్యో అనే ఫ్రెంచి సైనికోద్యోగి పద్దెనిమిదవ శతాబ్దంలో నిర్మించిన ఆవిరిబండి అందులో నేటికీ ఉన్నది. తీరికవేళల బాలుడు అక్కడికి పోయి ఆ యంత్రాలను చూచుచుండేవాడు. చదువులో చురుకైనవాడు, 1870లో, పన్నెండవ ఏట, పాఠశాలలో కంచుపతకం సంపాదించినాడు.

ఆ సంవత్సరమే ఫ్రాన్సుకు ప్రష్యాకు యుద్ధం వచ్చినది. పారిస్‌లోని జర్మనులు నగరం విడిచిపోవలసినవారైనారు. డీజిల్ కుటుంబం కట్టుబట్టలతో లండను చేరినది. అక్కడ ఇంటివారికి తిండి పెట్టటమే కష్టమైన స్థితిలో తల్లి ఒక నిర్ణయం తీసుకొన్నది. పన్నెండేండ్ల కుమారుని ఒంటరిగా ఆగ్స్‌బర్గుకు పంపినది. అక్కడ బంధువైన క్రిస్టాఫ్ బార్నికెల్ వృత్తివిద్యా పాఠశాలలో గణితోపాధ్యాయుడు. ఆయన ఇంట ఉండి, ఆయన బోధించే పాఠశాలలోనే రుడాల్ఫ్ చదువుకొన్నాడు. యుద్ధం ఒక కుటుంబాన్ని చెదరగొట్టినది. ఒక ఉపాధ్యాయుని ఇల్లు ఒక ఇంజనీరును నిలబెట్టినది. పదునాలుగవ ఏట అతడు తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాస్తూ తాను ఇంజనీరు కాదలచినట్లు తెలిపినాడు. 1873లో తరగతిలో ప్రథముడుగా ఉత్తీర్ణుడైనాడు. చదువు చాలించి సంపాదనలో పడవలెనని తల్లిదండ్రుల కోరిక. కాని 1875లో మ్యూనికు సాంకేతిక కళాశాల విద్యార్థివేతనం ఇవ్వగా అతడు అటే నడిచినాడు.

మ్యూనికులో అతనికి లభించిన గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాల నిర్మాతగా లోకానికి తెలిసిన పండితుడు. 1878లో ఒకనాడు ఆయన ఉష్ణశక్తిని గురించి పాఠం చెపుతూ, ఆవిరియంత్రం బొగ్గులోని వేడిలో నూటికి ఆరునుండి పది పాళ్ళవరకు మాత్రమే పనిగా మార్చగలుగుతున్నదని, మిగిలినదంతా వృథాయేనని వివరించినాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాదీ కార్నో 1824లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం ఇంతకంటె ఎంతో ఎక్కువ పని రాబట్టటానికి అవకాశమున్నదని కూడా చెప్పినాడు. తరగతిలో ఎందరో విన్నారు. ఇరవైయేండ్ల డీజిల్ మనస్సులో మాత్రం ఆ లెక్క ముల్లులా నాటుకొన్నది. లోకంలోని రైళ్ళు, ఓడలు, మిల్లులు అన్నీ నూరు బస్తాల బొగ్గు తగులబెట్టి పది బస్తాల పనికూడ చేయటంలేదంటే, ఆ లోటును పూడ్చటమే తన జీవితకార్యమని అతడు నిశ్చయించుకొన్నాడు.

1879లో విషజ్వరం వచ్చి పరీక్షకు కూర్చొనలేకపోయినాడు. తిరిగి పరీక్ష జరిగేవరకు కాలం వృథా చేయక, స్విట్జర్లండులోని వింటర్‌టూర్ పట్టణంలో సుల్జర్ సోదరుల యంత్రశాలలో చేతిపని నేర్చినాడు. 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో పట్టభద్రుడైనాడు. వెంటనే గురువు తరఫున పారిస్‌కు పోయి మంచుకర్మాగారం నిర్మాణంలో సహాయపడినాడు. ఏడాదిలోనే దానికి అధికారి అయినాడు. 1883లో మార్తా ఫ్లాషే అనే యువతిని వివాహమాడినాడు. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగినారు. పగలు మంచు తయారుచేసే ఉద్యోగం, రాత్రులు వేడిని గురించిన చింత. ఆవిరికి బదులు అమ్మోనియాతో యంత్రం నడుపవలెనని ఏండ్ల తరబడి శ్రమించి, అది ఫలింపదని తెలుసుకొని విడిచినాడు. 1890లో లిండే సంస్థ పనిమీదనే కుటుంబంతో బెర్లిను చేరినాడు.

అక్కడ అతని ఆలోచన ఒక రూపానికి వచ్చినది. విద్యార్థులకు ఇది సులభంగా అర్థమయ్యే విషయం. సైకిలు పంపుతో చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం చేతికి వేడిగా తగులుతుంది. గాలిని అదిమితే వేడెక్కుతుంది. ఎంత ఎక్కువగా అదిమితే అంత వేడి. గాలిని పదిహేను ఇరవై వంతులలో ఒక వంతుకు కుదించినప్పుడు దాని వేడి 500 డిగ్రీల సెంటీగ్రేడును దాటిపోతుంది. ఆ వేడిగాలిలోకి ఇంధనాన్ని తుంపరగా చిమ్మితే నిప్పురవ్వ అక్కరలేకుండా తనంతట అదే మండుతుంది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావలెను. డీజిల్ ఇంజనుకు అదిమిన గాలియే నిప్పు. ఎక్కువగా అదిమినకొద్దీ వేడి పనిగా మారే పాలు పెరుగుతుంది. డీజిల్ సాధించదలచినది ఈ రెండవ లాభాన్ని. నిప్పురవ్వ అవసరం లేకపోవటం దానితోపాటు వచ్చిన ఫలం.

ఈ భావానికి 1892లో హక్కుపత్రం కోరినాడు. 1893 ఫిబ్రవరిలో అది లభించినది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని చిన్న పుస్తకంగా ప్రకటించినాడు. పండితులలో కొందరు మెచ్చుకొన్నారు, కొందరు కాగితాలపై తిరిగే యంత్రమని తోసివేసినారు. ఆగ్స్‌బర్గు యంత్రనిర్మాణశాల అధిపతి హైన్రిష్ బుట్స్ మొదట సందేహించి, పిదప అంగీకరించినాడు. ఉక్కువ్యాపారంలో ప్రసిద్ధులైన క్రుప్ వారు ధనసహాయం చేసినారు. బాలుడుగా దిక్కులేక చేరిన పట్టణానికే డీజిల్ యంత్రనిర్మాతగా తిరిగివచ్చినాడు.

1893 ఆగస్టు 10న మొదటి పరీక్ష జరిగినది. లోపలికి పోయిన ఇంధనం మండినమాట నిజమే. కాని ఆ పేలుడుకు ఒత్తిడిని కొలిచే పరికరం ముక్కలై ఎగిరిపోయినది. దగ్గర ఉన్నవారు ప్రాణాలతో బయటపడినారు. యంత్రం తిరుగలేదు. గాలిని అదిమి ఇంధనం మండించవచ్చునన్న మూలసూత్రం మాత్రం ఋజువైనది. మార్పులు చేసి మళ్ళీ ప్రయత్నించినారు. 1894 ఫిబ్రవరి 17న బయటి యంత్రం పట్టాతో తిప్పుతుండగా, ఆ పట్టాను ఇప్పుడు తమ ఇంజనే లాగుతున్నదని ఒక పనివాడు గుర్తించినాడు. అతడు మాటాడకుండా తలపైని టోపీ తీసినాడట. ఇంజను తన బలంతో తాను తిరిగినది ఒక్క నిమిషం. మరి మూడేండ్ల శ్రమ పిమ్మట, 1897 ఫిబ్రవరి 17న, ప్రొఫెసరు మోరిట్స్ ష్రోటర్ అధికారికంగా పరీక్ష జరిపినాడు. ఇంధనంలోని వేడిలో నూటికి 26.2 పాళ్ళు పనిగా మారుతున్నట్లు తేలినది. గురువు చెప్పిన ఆవిరియంత్రం లెక్కకు ఇది రెండింతలకు పైమాట. పందొమ్మిదేండ్ల క్రితం తరగతిలో నాటుకొన్న ముల్లు ఆనాటికి ఊడివచ్చినది.

కొత్త యంత్రానికి ఏమి పేరు పెట్టవలెనన్న ఆలోచన కలిగినప్పుడు, దానికి నీ పేరే పెట్టుమని భార్య మార్తా సలహా ఇచ్చినదని ఆ కుటుంబంలో చెప్పుకొనే మాట. ఆ విధంగా ఒక ఇంటిపేరు యంత్రానికి పేరైనది. యంత్రం పేరు పిదప నూనెకు సంక్రమించినది.

ఇక్కడ ఇంధనాన్ని గురించి కొంచెం ఆగి చెప్పుకొనవలెను. నేడు డీజిలు అని మనం పిలిచే నూనెకోసం డీజిల్ తన యంత్రాన్ని కల్పించలేదు. మొదట అతని దృష్టి బొగ్గుపొడిమీద ఉండినది. జర్మనీలో బొగ్గు సమృద్ధి, రాతినూనె కరవు. మెత్తగా పొడిచేసిన బొగ్గు వేడిగాలిలో చక్కగా మండుతుంది. లెక్కలో లోపం లేదు. కాని బొగ్గు మండిన పిదప బూడిద మిగులుతుంది. గరుకైన ఆ బూడిద, కందెన నూనెతో కలిసి, సాన పట్టినట్లు సిలిండరు గోడలను, పిస్టను కట్లను అరగదీస్తుంది. అతని తరువాత పావ్లికోవ్‌స్కీ అనే అతని పూర్వసహచరుడు ఏండ్ల తరబడి బొగ్గుపొడి ఇంజన్లపై పనిచేసినా, ఈ అరుగుదలయే పెద్ద చిక్కుగా నిలిచినది. మండటం వేరు, యంత్రానికి సరిపడటం వేరు. ఏది మండుతుందన్నది సగం ప్రశ్న. మండిన పిదప ఏమి మిగులుతుందన్నది మిగతా సగం. ఈ పాఠాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. వ్యాసం చివర దీనితో మళ్ళీ పని పడుతుంది.

ద్రవ ఇంధనాలలో మాత్రం డీజిల్ ఇంజను ఎంతో ఉదారంగా ప్రవర్తించినది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపినారు. ఆఫ్రికాలోని వలసలలో వేరుసెనగ విస్తారంగా పండేది కనుక, బయటినుండి బొగ్గు, నూనె తెప్పించుకొనకుండ అక్కడి యంత్రాలను అక్కడి పంటతోనే నడుపవచ్చునా అన్నది ఫ్రెంచి ప్రభుత్వం ఆలోచన. నూనె మారినా ఇంజను ఎంత నిబ్బరంగా తిరిగినదంటే, చూపరులలో ఆ సంగతి గమనించినవారు కొద్దిమందేనట. 1912లో డీజిల్ ఈ విషయాన్ని జ్ఞాపకం చేస్తూ, గింజలనూనెతో ఇంజను నడపటం ఆనాటికి అల్పంగా కనిపించినా కాలక్రమాన రాతినూనెతో, తారునూనెతో సమానమైన ప్రాముఖ్యం పొందవచ్చునని అభిప్రాయపడినాడు. గనిలోని నిక్షేపాలు తరిగిపోయిన పిదప కూడా సూర్యుని వేడిమినుండి పొలంలో పుట్టే నూనె ఉండనే ఉంటుందని అతని ఊహ. రాయలసీమ మెట్టనేలల్లో వేరుసెనగ పండించే రైతుకు ఈ కథలో ఒక దగ్గరితనం ఉన్నది. 2000 తరువాతి సంవత్సరాలలో ఆదిలాబాదు అడవి పల్లెలలో కానుగగింజల నూనెతో ఇంజన్లు నడిపిన ప్రయత్నాలు ఆ ఊహకు తెలుగునేలపై మొలిచిన మొక్కలే.

1897 పరీక్ష తరువాత డీజిల్‌ను లక్ష్మి వరించినది. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ అనే ధనికుడు పదిలక్షల మార్కులకు కొన్నాడు. రష్యాలో నోబెల్ కుటుంబంవారు హక్కులు తీసుకొన్నారు. 1898లో ఆగ్స్‌బర్గులో ఏర్పడిన ఒక సంస్థ అతని హక్కులన్నిటిని 35 లక్షల మార్కుల వెలకు స్వీకరించినది. తోపుడుబండి నెట్టిన బాలుడు నలుబదియేండ్లకే కోటీశ్వరుడైనాడు. మ్యూనికులో రాజభవనంవంటి గృహం కట్టించినాడు.

కాని అదే సమయంలో అతని శరీరం, మనస్సు రెండూ దెబ్బతిన్నవి. ఎడతెగని తలనొప్పి, నిద్రలేమి. 1898లో నరాల జబ్బుతో చికిత్సాలయంలో ఉండవలసివచ్చినది. తొలినాళ్ళలో అమ్మిన ఇంజన్లు కొన్ని కొన్నవారి చేతిలో మొరాయించినవి, తిరిగివచ్చినవి. అతడు ఆగ్స్‌బర్గులో నెలకొల్పిన సొంత కర్మాగారం నిలువలేదు. హక్కులపై వ్యాజ్యాలు నడచినవి. పుస్తకంలో వ్రాసిన సిద్ధాంతం ఒకటి, కట్టిన ఇంజను మరొకటి అన్న విమర్శ కూడా బయలుదేరినది. అందులో కొంత సత్యం లేకపోలేదు. ఇంధనం మండుతున్నంతసేపు వేడి స్థిరంగా ఉండవలెనన్న మొదటి భావన ఆచరణలో సాధ్యంకాలేదు. దానిని సవరించి 1893 నవంబరులోనే రెండవ హక్కుపత్రం కోరినాడు. ఊహను అనుభవంతో దిద్దుకొనటం శాస్త్రంలో దోషం కాదు. కాని అభిమానధనుడైన డీజిల్‌కు ఆ మాటలు చివరివరకు గుచ్చుకొంటూనే ఉన్నవి.

ధనవిషయంలో అతడు చేసినదేమి? గలీషియా ప్రాంతపు నూనెబావులలో పెట్టిన సొమ్ము మునిగినది. మ్యూనికు పరిసరాల భూముల క్రయవిక్రయాలలో దిగి పెద్దమొత్తం పోగొట్టుకొన్నాడు. యంత్రంలో నూటికి ఒక్క పాలు వేడి వృథా అయినా నిద్రపోనివాడు, లక్షల మార్కులు వేళ్ళసందున జారిపోతుంటే లెక్క చూడలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. డీజిల్ రచ్చ గెలిచినాడు, ఇంట ఓడినాడు.

అతని హృదయాన్ని తెలుసుకొనగోరేవారు అతని యంత్రంతోపాటు అతని మరొక పుస్తకాన్ని కూడా చూడవలెను. 1903లో సంఘీభావవాదం అనదగిన ఒక గ్రంథం ప్రకటించినాడు. కార్మికులు తలా కొంచెం కూడబెట్టి, ఆ సొమ్ము హామీగా, తామే యజమానులుగా కర్మాగారాలు స్థాపించుకొనవలెనని అందులోని సారాంశం. గ్రంథాన్ని కొన్నవారు బహుస్వల్పం. అయినా ఇంజనుకంటె సాంఘికసమస్యకు తాను కనుగొన్న ఈ పరిష్కారమే తన ముఖ్యకృషి అని కుమారునితో చెప్పుకొన్నాడట. దీని వెనుక తండ్రి తోలుదుకాణం కనిపిస్తుంది. ఆవిరియంత్రం పెద్దదైతేనే గిట్టుబాటు. కనుక అది పెద్ద మిల్లుదారుకు బలమై, చిన్న చేతివృత్తులవానికి ఉరి అయినది. చిన్నదిగా ఉండి కూడా పొదుపుగా తిరిగే యంత్రం ఉంటే నేతగాడు, వడ్రంగి తమ ఇంటనే దానిని పెట్టుకొని నిలదొక్కుకొనగలరని డీజిల్ ఆశ.

విధి మరొక విధంగా నడిపించినది. ఆనాటి డీజిల్ ఇంజను బరువైనది. ఇంధనాన్ని లోపలికి ఊదటానికి అదిమిన గాలి కావలెను. ఆ గాలికి వేరే యంత్రం కావలెను. కనుక అది చిన్నవాని కొట్టంలోకి రాక, పెద్ద విద్యుత్కేంద్రాలలోకి, ఓడలలోకి, జలాంతర్గాములలోకి ప్రవేశించినది. 1903లో రష్యాలో నోబెల్ వారి నూనెఓడ వండాల్ డీజిల్ ఇంజన్లతో నడిచినది. 1912లో డెన్మార్కులో నిర్మించిన సెలండియా అనే మహానౌక డీజిల్ బలంతో కోపెన్‌హాగన్‌నుండి బాంకాకు వరకు మహాసముద్రయానం చేసినది. ఆ ఏడే డీజిల్ అమెరికాలో పర్యటించి ఉపన్యాసాలిచ్చి గౌరవాలు పొందినాడు. బయటికి అది అతని వైభవకాలం. లోపల అప్పులు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలం బెల్జియంలోని ఆంట్‌వర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కినాడు. లండనులో ఒక ఇంజను సంస్థ సమావేశానికి పోవలసి ఉన్నది. వెంట ఇద్దరు మిత్రులు. ముగ్గురూ కలిసి భోజనం చేసినారు. రాత్రి పదిగంటల వేళ, ఉదయం ఆరుంబావుకు లేపవలసినదిగా చెప్పి డీజిల్ తన గదికి పోయినాడు. తెల్లవారి తలుపు తట్టితే జవాబు లేదు. పరుపు నలుగలేదు. రాత్రి తొడుగుకొనే దుస్తులు తీసి సిద్ధంగా ఉంచినవి ఉంచినట్లే ఉన్నవి. గడియారం పడకనుండి కనబడేటట్లు పెట్టి ఉన్నది. ఓడ వెనుకభాగాన అతని టోపీ, మడిచిన పైకోటు దొరికినవి. మనిషి మాత్రం లేడు.

పదిరోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక శవం కనిపించినది. నిలువచేయదగిన స్థితిలో లేకపోవటంచేత జేబులలోని చిన్న వస్తువులు మాత్రం తీసుకొని శవాన్ని నీటికే వదలినారు. మందుల డబ్బీ, చేతిచాకు, కళ్ళజోడు పెట్టె. అవి తన తండ్రివేనని కుమారుడు ఆయ్గెన్ గుర్తించినాడు. ప్రయాణానికి ముందు డీజిల్ భార్యకు ఒక సంచి ఇచ్చి, వారం గడిచినదాకా తెరువవద్దని చెప్పి ఉన్నాడు. తెరిచి చూడగా కొంత రొక్కం, బాంకులో నిలువ ఏమీ లేదని తెలిపే కాగితాలు కనిపించినవి.

మృత్యువు ఎట్లు సంభవించినదన్న ప్రశ్నకు నేటికీ తిరుగులేని జవాబు లేదు. జలాంతర్గాముల రహస్యం కోసం హత్య జరిగినదని కొందరు, నూనెవ్యాపారుల కుట్ర అని కొందరు కథలు అల్లినారు, ఋజువులు లేవు. అప్పులు, అనారోగ్యం, సిద్ధంగా ఉంచిపోయిన సంచి, వీటిని చూచి చరిత్రకారులలో పెక్కుమంది ఆత్మహత్యగానే తలచుతున్నారు. ఎట్లైనా ఒక మాట నిజం. లోకానికి ఇంధనం ఆదా చేసి ఇచ్చినవానికి తన భారాన్ని పంచుకొనే తోడు ఆ రాత్రి దొరకలేదు.

అతడు పోయిన తరువాతనే అతని యంత్రం రోడ్డెక్కినది. 1924లో జర్మనీలో డీజిల్ లారీలు వచ్చినవి. 1927లో బాష్ సంస్థ ఇంధనాన్ని నేరుగా చిమ్మే చిన్న పంపును విరివిగా తయారుచేయటంతో గాలియంత్రం బెడద తప్పినది. 1936లో డీజిల్ కారు అమ్మకానికి వచ్చినది. మన దేశంలో 1964లో వారణాసి కర్మాగారంనుండి మొదటి డీజిల్ రైలింజను వెలువడినది. చిన్న రైస్‌మిల్లుకు, బావి మోటకు బదులుగా వచ్చిన పంపుసెట్టుకు, పల్లెలోని పిండిమరకు డీజిల్ ఇంజను చేరినప్పుడు ఆ పాతకల ఒక మేరకు నెరవేరినది. చిన్నవాని ఇంటికి యంత్రం వచ్చినది, కలగన్నవాడే లేడు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. ప్రతి మెకానిక్కు షెడ్డులోను బండ్లనుండి తీసిన నల్లని ఇంజనాయిలు డ్రమ్ములలో పేరుకొంటుంది. సెంట్రింగు చెక్కలకు పూయటం, ఇరుసులకు కందెనగా వాడటం మనవారికి అలవాటే. ఆ నూనెలోని వేడి డీజిలుకు ఇంచుమించు సమానం. అందుచేత పలుదేశాలలో కొందరు దానిని వారాలతరబడి కదలకుండ నిలువబెట్టి, నీరు మడ్డి దిగిన పిదప సన్నని వడపోతలగుండ వంచి, డీజిలులో కొద్దిపాలు కలిపి బండ్లకు పోస్తున్నారు. పాతకాలపు ఇంజన్లు దానిని కొంతకాలం ఓర్చుకొంటవి. వేరుసెనగ నూనెతో తిరిగిన యంత్రానికి ఇది ఒక లెక్కా అని వారి ధైర్యం. వృథాను సహింపని డీజిల్ బ్రతికి ఉంటే సంతోషించేవాడనికూడా అనుకొంటారు.

అయితే డీజిల్ జీవితంలో వేరుసెనగ నూనె ఒక్కటే లేదు, బొగ్గుపొడి కూడ ఉన్నది. వాడిన ఇంజనాయిలు స్వచ్ఛమైన నూనె కాదు. నూనె మన్నికకై కలిపిన జింకు, కాల్షియం, ఫాస్ఫరస్ పదార్థాలు, ఇంజనులో అరిగిన ఇనుము, రాగి రజను, మసి, ఒక్కొక్కప్పుడు నీరు అందులో ఉంటవి. గుడ్డలో వడగట్టితే మడ్డి పోతుంది గాని, కరిగి ఉన్నవి పోవు. అవి మండిన తరువాత బూడిదగా మిగులుతవి. చిక్కదనం ఎక్కువ కావటంచేత తుంపర సరిగా విడిపోక నాజిలు కొనలపై బొగ్గు పేరుకొంటుంది. నేటి ఇంజన్లలో ఇంధనాన్ని సుమారు 2000 వాతావరణాల ఒత్తిడితో వెంట్రుకవాసి రంధ్రాలగుండ చిమ్ముతారు. అక్కడ రవ్వంత గరుకు చాలు, ఖరీదైన పంపు పాడగును. 2020 ఏప్రిల్ నుండి మన దేశంలో అమలులోకి వచ్చిన భారత్ స్టేజి ఆరు ప్రమాణాల బండ్లలో పొగను పట్టే వడపోత ఉంటుంది. మసి దానిలో కాలిపోతుంది గాని, బూడిద కాలదు, వడపోతను మూసివేస్తుంది. వడపోత లేని పాతబండ్లలో ఆ లోహాలు పొగతోపాటు మన ఊపిరితిత్తులకు చేరుతవి. అందుచేతనే 2016 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగా పరిగణించి, అనుమతి పొందిన శుద్ధికర్మాగారాలకే పంపవలెనని శాసించినవి.

ఆ శుద్ధికర్మాగారాల సంగతి కూడా విద్యార్థులకు తెలియవలెను. కందెన నూనె అరిగిపోయే వస్తువు కాదు, మలినపడే వస్తువు. నీటిని, మడ్డిని తొలగించి, శూన్యస్థితిలో మరిగించి, శుద్ధిచేస్తే మూలతైలం తిరిగివస్తుంది. దానిలో తగిన మందులు కలిపితే మళ్ళీ కందెనయే. కాల్చివేస్తే ఆ నూనె ఒక్కసారికి పనికివచ్చినది. శుద్ధిచేస్తే మళ్ళీమళ్ళీ పనికివస్తుంది. పొదుపు అని మనం పేరు పెట్టిన పని లెక్కచూడగా ఒక్కొక్కప్పుడు దుబారాగా తేలుతుంది. జేబులో మిగిలిన రూపాయలు ఒకవైపు, అరిగిన ఇంజను, చెడిన గాలి, తిరిగిరాని నూనె మరొకవైపు పెట్టి తూచవలెను.

డీజిల్ జీవితకార్యం అటువంటి తూకమే. కంటికి తిరుగుతున్నట్లు కనబడే ఆవిరియంత్రంతో అతడు తృప్తిపడలేదు. ఎంత పోసితిమి, ఎంత వచ్చినది, ఎంత ఎక్కడ పోయినదని అడిగినాడు. ఆ ప్రశ్నను యంత్రం విషయంలో విడువకుండా అడిగినందువలన లోకానికి మేలు కలిగినది. తన ఆరోగ్యం విషయంలో, తన సంసారం విషయంలో అడుగకపోవటంవలన ఆ ఇంటికి కీడు కలిగినది. ఉపాధ్యాయులు ఈ కథ తరగతిలో చెప్పేటప్పుడు 26.2 అన్న అంకెతోపాటు సముద్రంమీది ఆ రాత్రిని కూడా చెప్పవలెను. వేడి లెక్క నేర్చుకొన్న పిల్లవానికి, ఆ లెక్క వేసినవాని కష్టం కూడా తెలిసి ఉండటం మంచిది.